ఓఎల్ఈడీయా, ఎల్‌సీడీయా: ఇంటి టీవీకి ఏది మేలు?

దుకాణాల్లో ‘ఎల్ఈడీ టీవీ’ పేరుతో అమ్ముతున్నది నిజానికి ఎల్‌సీడీ టీవీయే. ఎల్ఈడీలు అందులో తెర వెనుక దీపాలు మాత్రమే. ఆ వెలుగును ద్రవస్ఫటికాల పొర ఒక్కో పిక్సెల్ (బొమ్మలోని అతి చిన్న చుక్క) దగ్గర ఆపుతూ, వదులుతూ బొమ్మ కడుతుంది. ఎంత ఆపినా కొంత వెలుగు జారిపోతుంది కనుక చీకటి గదిలో నలుపు కాస్త బూడిదరంగుకు తిరుగుతుంది. మినీ ఎల్ఈడీ రకాల్లో వెనుక దీపాలను భాగాలుగా విడదీసి అక్కర్లేని చోట ఆర్పుతారు. అయినా నల్లని ఆకాశంలో చందమామ చుట్టూ పల్చటి వెలుగు మిగులుతుంది.

ఓఎల్ఈడీకి (ఆర్గానిక్ ఎల్ఈడీ, అంటే సేంద్రియ లేదా కర్బన పదార్థమే వెలిగే తెర) వెనుక దీపమే లేదు. కరెంటును అందించే రెండు ఎలక్ట్రోడ్ల నడుమ, వెంట్రుక మందంలో వందో వంతైనా లేని సేంద్రియ పొరల్లోకి ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, మరోవైపు నుంచి ధనావేశపు ‘హోల్స్’ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) ప్రవేశించి, కలిసినచోట శక్తిని కాంతిగా విడుస్తాయి. ఈస్ట్‌మన్ కోడాక్ శాస్త్రవేత్తలు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో రెండు పొరల అమరికతో 10 వోల్టులలోపే దీన్ని సాధించి చూపారు. విద్యుత్తు అందని పిక్సెల్ పూర్తిగా ఆరిపోతుంది కాబట్టి ఇక్కడ నలుపు నలుపే.

అయితే ఏ పిక్సెల్‌కు ఆ పిక్సెల్ వెలగడమే దీని బలహీనత కూడా. వెలిగిన కొద్దీ ఆ సేంద్రియ పొరల్లోని అణువులు క్షీణిస్తాయి. ఎక్కువ శక్తిగల నీలికాంతినిచ్చేవి మరీ త్వరగా. తెల్లవారింది మొదలు వార్తల ఛానల్ నడిచే ఇంట్లో మూలనున్న లోగో, అడుగున కదలని పట్టీ ఒకేచోట వెలిగి వెలిగి, కొన్నేళ్లకు వాటి మచ్చ తెరపై నిలిచిపోవచ్చు. పైగా తెరంతా తెల్లగా ఉన్నప్పుడు ఇది తన వెలుగును తానే తగ్గించుకుంటుంది. అందుచేత ఎండ పడే హాలుకు, రోజంతా వార్తలకు మినీ ఎల్ఈడీయే నా ఎంపిక. రాత్రి దీపాలార్పి సినిమా చూసేవారు మాత్రం, ధర ఎక్కువైనా, ఓఎల్ఈడీని కాదనడానికి కారణం లేదు.

ఫోన్ల విషయంలో ఇంత తర్జనభర్జన అక్కర్లేదు, అక్కడ ఓఎల్ఈడీయే మేలు: నల్లటి నేపథ్యం బ్యాటరీని మిగులుస్తుంది, ప్లాస్టిక్‌పై వేస్తే తెర మడత పడుతుంది, మచ్చలు తేలేలోపే చాలామంది ఫోను మార్చేస్తారు.

ఓఎల్ఈడీ టీవీ కొన్నవారు రాత్రి గోడ స్విచ్ కట్టేసే మన అలవాటును మాత్రం మానుకోవాలి. రిమోట్‌తో ఆపాకే అది అసమానంగా అరిగిన పిక్సెళ్లను కొలిచి సరిదిద్దుకుంటుంది, ఆ పనికి దానికి కరెంటు కావాలి.