ఒరిజినల్ అని అంటగట్టే పీఎస్4 ప్యాడ్‌తో జాగ్రత్త

నెల్లూరు ట్రంక్ రోడ్డులో గానీ ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4) వైర్‌లెస్ ప్యాడ్, అదే గేములాడే కంట్రోలర్, కొనబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. ‘ఓపెన్ బాక్స్ (పెట్టె విప్పిన సరుకు), ఒరిజినలే అన్నా’ అని చేతిలో పెట్టేవాటిలో నకిలీలు ఉంటున్నాయి.

కార్ల గేములకైతే వాటితో నెట్టుకురావచ్చు. కటానా జీరో, సైబర్ షాడో లాంటి నింజా గేముల్లో పప్పులుడకవు. కటానా జీరోలో ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది, తూటా మీదికొచ్చే క్షణంలో కత్తి తిప్పితేనే అది వెనక్కి మళ్ళుతుంది. తెర మీద సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) మారతాయంటే ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు. మనం నొక్కింది గేముకి చేరడంలో ప్యాడ్ 50 మిల్లీసెకన్లు వెనకబడితే మూడు ఫ్రేములు గోవిందా. ఇక డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల ప్లస్ గుర్తు బటన్) సంగతి మరీ ఘోరం. లోపల రబ్బరు నాసిరకమైతే కుడివైపు నొక్కినా పైదో కిందదో కలిసి తగులుతుంది. సైబర్ షాడోలో ప్యారీ (దెబ్బను తిప్పికొట్టడం) పడాలంటే ఎదురొచ్చే గుండు వైపే టక్కున నొక్కాలి, మూలకు పడితే పనవదు. మనమేమో గేము కష్టంగా ఉందనుకుంటాం!

అందుకే లాప్‌టాప్, డేటా కేబుల్ వెంట తీసుకుపోండి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబులైతే ప్యాడ్ కనపడదు. విండోస్ కీతో ఆర్ నొక్కి ‘జాయ్ డాట్ సీపీఎల్’ (joy.cpl) కొట్టి, ప్యాడ్ పేరు ఎంచుకుని ప్రాపర్టీస్ తెరవండి. స్టిక్కును నాలుగు వైపులా పదేసిసార్లు లాగి వదలండి. తెర మీది గుర్తు ప్రతిసారీ నడిమధ్యకు రావాలి, పక్కకు జరిగి నిలిచిందంటే డ్రిఫ్ట్ (ముట్టుకోకపోయినా స్టిక్కు జరగడం) మొదలైనట్టే. డీ-ప్యాడ్ కుడి, ఎడమ ఇరవయ్యేసిసార్లు నొక్కండి. బాణం మాటిమాటికీ మూలకు పోతే తిరిగిచ్చేయండి. ఈ కిటికీలో వేలు జరపడం కనపడదు గానీ, పీఎస్4కి తగిలించి చూసినప్పుడు టచ్‌ప్యాడ్ బటన్‌లా నొక్కుకుంటుందే గాని వేలు జరిపితే పట్టుకోకపోయినా అనుమానించాల్సిందే.

షాపువాడిని తిట్టేముందు ఇంట్లో టీవీ గేమ్ మోడ్‌లో (ఆలస్యం తగ్గించే సెట్టింగ్) ఉందో లేదో చూసుకోండి. కంప్యూటర్‌కి తగిలించే బ్లూటూత్ డాంగిల్ పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ ఉన్నా సిగ్నల్ దెబ్బతింటుంది. కేబుల్‌తో ఆడినా అదే ఆలస్యమైతే తప్పు బ్లూటూత్‌ది కాదు.

ప్యాడ్ కొత్తదైతే గేము కొన్న రోజే పరీక్షించండి. స్టీమ్‌లో (కంప్యూటర్ గేములమ్మే ఆన్‌లైన్ దుకాణం) గేముకి రీఫండ్ అడగాలంటే కొని 14 రోజులు దాటకూడదు, ఆట 2 గంటలు మించకూడదు.

తెల్లకాగితం చీటీ ఒప్పుకోవద్దు. జీఎస్టీ బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్లు, వారంటీ రాయించుకోండి. ఆ తర్వాత మార్చనని మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, బిల్లు ఫొటో దగ్గర పెట్టుకుని.