ఓపెన్‌కేజే, ఒక లాప్‌టాప్, ఒక మిక్సర్: రెండేళ్ల కరోకే షోల తర్వాత

రెండేళ్లుగా లైవ్ కరోకే షోలు నడుపుతున్నాను. నేను పాడను. పక్కన టేబుల్ దగ్గర కూర్చుని ట్రాక్ వేయడం, ఆపడం, తర్వాతి పేరు పిలవడం నా పని. అందుకే ఏ సామాను గురించైనా నేను ముందు చూసేది ఒక్కటే: మొదటిసారి మైక్ పట్టుకున్న మనిషికి దీనివల్ల పాడటం సులువైందా, కష్టమైందా?

ముందు సాఫ్ట్‌వేర్ సంగతి. నేను వాడేది ఓపెన్‌కేజే. ఉచితంగా దొరుకుతుంది, సోర్స్ కోడ్ కూడా ఎవరైనా చూడొచ్చు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఎంపీ3 (పాట), సీడీజీ (తెర మీద సాహిత్యం) జంట ఫైళ్లు, ఆ రెంటినీ కలిపి జిప్ చేసినవి, మామూలు వీడియో ట్రాకులు అన్నీ తీసుకుంటుంది. దీన్ని నేను పట్టుకుని ఉన్నది మాత్రం పాడేవాళ్ల వరుస కోసం. ప్రతి మనిషికీ ఒక పేరు, ఆ పేరు కింద వాళ్లు అడిగిన పాటలు. ఇరవై మంది వచ్చిన రోజున ఇదే లెక్క కాగితం మీద రాసుకుంటే ఎక్కడో ఒకరి వంతు తప్పిపోతుంది, ఆ మనిషి మనసు కష్టపడుతుంది. ఇందులో తెర మీద తర్వాత పాడబోయేవాళ్ల పేర్లు నడుస్తూ కనిపిస్తాయి. "నా పేరెప్పుడొస్తుందండీ" అని టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్లు సగానికి సగం తగ్గారు. ట్రాక్ అయిపోగానే మధ్యలో వేసే సంగీతం దానంతటదే మెల్లగా పైకొస్తుంది, ట్రాక్ మొదలవగానే తగ్గిపోతుంది. ఆ కొద్దిసేపు నా చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి వచ్చినవాళ్ల చేతికి మైక్ ఇచ్చి, ఎలా పట్టుకోవాలో చెప్పగలుగుతున్నాను.

శ్రుతి మార్చే బటన్‌ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఒక్కసారి నొక్కితే ఒక స్వరస్థానం. మగ గొంతు పాటను ఆడవాళ్లు పాడాలంటే ఒక్కోసారి నాలుగైదు మెట్లు కదపాలి. నా చెవికి మూడు మెట్ల దాకా వాద్యాలు బాగానే వినిపిస్తాయి, ఆ పైన డ్రమ్స్ మొద్దుబారినట్టు ఉంటాయి. అయినా సరే, గొంతు అందక సిగ్గుపడి మధ్యలో ఆపేయడం కంటే అది ఎంతో నయం. పాడబోయేవాళ్లను నేను ముందే పక్కకు పిలిచి, పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే చోటు ఒక్కటి మెల్లగా పాడమంటాను. దాన్నిబట్టి శ్రుతి పెడతాను.

ఒక ఓపిక పని ఉంది. ఫైళ్ల పేర్లన్నీ ఒకే పద్ధతిలో లేకపోతే వెతికినప్పుడు పాట దొరకదు. పాత ట్రాకుల్లో ఒకే మాటను ముగ్గురు మూడు రకాల ఇంగ్లీషు స్పెల్లింగుల్లో రాసి ఉంచారు. అన్నీ సరిచేయడానికి నాకు మూడు వారాల సాయంత్రాలు పట్టాయి. సీడీజీ ఫైలు గురించి ఇంకో మాట. అందులో ఉండేవి అక్షరాలు కావు, బొమ్మలు. కాబట్టి ఏ భాషైనా చూపిస్తుంది. కానీ ఆ బొమ్మ వెడల్పు 300 పిక్సెళ్లు, ఎత్తు 216, అదీ ఒకేసారి 16 రంగుల్లోనే. పెద్ద తెర మీద తెలుగు ఒత్తులు దూరం నుంచి చదవడం కష్టం. తెలుగు సాహిత్యానికి నేను వీడియో ట్రాకులే వాడుతున్నాను.

ఇక సౌండ్. ఎవరైనా కొత్తగా మొదలుపెడితే నేను బతిమాలి చెప్పేది ఇదే: మైక్‌ను కంప్యూటర్ గుండా పంపకండి. మైక్ నేరుగా మిక్సర్‌లోకి, అంటే మైకునూ సంగీతాన్నీ కలిపి స్పీకర్లకు పంపే పెట్టెలోకి వెళ్లాలి, ఎకో కావాలంటే మిక్సర్‌లోనే పెట్టాలి. లాప్‌టాప్ నుంచి సంగీతం మాత్రమే రావాలి. మైక్ కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి వస్తే బఫర్ వల్ల, అంటే కంప్యూటర్ శబ్దాన్ని కొద్దికొద్దిగా పోగుచేసుకుని పంపడం వల్ల, ఆలస్యం అవుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర (సెకనుకు 48,000 శాంపిళ్లు, అంటే శబ్దపు ముక్కలు) 512 శాంపిళ్ల బఫర్ అంటే సుమారు 11 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, మొత్తం 20 దాటుతుంది. గాలిలో శబ్దం ఒక మీటరు వెళ్లడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే పాడే మనిషి తన గొంతును ఏడు మీటర్ల అవతలి స్పీకర్ నుంచి విన్నట్టు. తాళం జారిపోతుంది, తప్పు తనదే అనుకుంటారు పాపం. బ్లూటూత్ స్పీకర్లు ఈ పనికి అసలు వద్దు.

లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి పొడవాటి వైరు లాగి మొదటి షో చేశాను. చార్జర్ పెట్టగానే స్పీకర్లలో గూఁ అని మోత. చార్జర్ తీస్తే పోయింది. లాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య గ్రౌండ్ లూప్ వల్ల, అంటే రెండిటి ఎర్త్ దారులూ ఆడియో వైరుతో కలిసి ఒక చుట్టుగా మారడం వల్ల, వచ్చే మోత అది. తర్వాత బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (వైరులో కలిసే మోతను తగ్గించే రకం) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (రెండు పరికరాలను విడదీసి శబ్దాన్ని మాత్రం పంపే పెట్టె) తెచ్చుకున్నాను. మళ్లీ ఆ మోత వినలేదు. దయచేసి ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మాత్రం ఎవరూ తీసేయకండి. మోత పోవచ్చు, మైక్ పట్టుకున్నవాళ్లకు షాక్ కొట్టే ప్రమాదం వస్తుంది.

మైక్ మామూలు డైనమిక్ కార్డియాయిడ్, అంటే ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం. దాని వెనక వైపు నుంచి శబ్దం చాలా తక్కువ లోపలికి వెళ్తుంది కాబట్టి మానిటర్ స్పీకర్‌ను (పాడేవాళ్లకు వినిపించడానికి పెట్టేది) సరిగ్గా మైక్ వెనక్కి, అంటే పాడేవాళ్ల ఎదురుగా నేల మీద పెట్టాలి. కొత్తవాళ్లు టెన్షన్‌లో మైక్ తలను గుప్పిట్లో మూసేస్తారు. అప్పుడు ఆ గుణం పోయి హౌలింగ్ (స్పీకర్ శబ్దం మళ్లీ మైక్‌లోకి వెళ్లి కీచుమని అరవడం) మొదలవుతుంది. వేళ్లు కిందికి జరపమని నవ్వుతూ చెబితే చాలు.

సాహిత్యం చూపే తెరను కూడా ఆ మానిటర్ పక్కనే పెట్టాను. ఇదివరకు గోడ మీద ఉండేది, పాడేవాళ్లు జనానికి వీపు తిప్పాల్సి వచ్చేది. ఇక్కడే ఇంకో సమస్య ఎదురైంది. హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీకి పెట్టగానే లాప్‌టాప్ శబ్దాన్ని కూడా టీవీకే పంపేసింది. జనం ఎదురుగా, పాట టీవీలో సన్నగా, స్పీకర్లు నిశ్శబ్దం. ఇప్పుడు ఓపెన్‌కేజే సెట్టింగుల్లో సౌండ్ కార్డు పేరే ఎంచుకుని, టీవీ ఆడియోను లాప్‌టాప్‌లో డిసేబుల్ చేసి ఉంచుతున్నాను. వైఫై, నోటిఫికేషన్లు, స్లీప్, యూఎస్‌బీ పవర్ సేవింగ్ అన్నీ షోకి ముందే ఆపేస్తాను.

ఒక షోలో ఒక పెద్దావిడ పాడుతున్నారు. రెండో చరణం మొదట్లో ఎవరి కాలో తగిలి సౌండ్ కార్డు యూఎస్‌బీ వైరు ఊడిపోయింది. నేను ఆ వైరుకు టేప్ వేయలేదు, తప్పు నాదే. సంగీతం ఒక్కసారిగా ఆగింది. ఆవిడ మైక్ మాత్రం నేరుగా మిక్సర్‌లో ఉంది కాబట్టి గొంతు అలాగే వినిపిస్తోంది. ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసి, ఆపకుండా పాడుతూనే ఉన్నారు. నేను వైరు పెట్టేసరికి హాల్లో అందరూ చప్పట్లతో తాళం వేస్తున్నారు. ట్రాక్ మళ్లీ వేయలేదు. మిక్సర్‌లో ఆవిడ గొంతుకు కాస్త ఎకో కలిపి, పల్లవి అయ్యేదాకా అలాగే వదిలేశాను.