యెమెన్ పోరు: సైన్యాన్ని దింపడమా, డబ్బు మూటలు పంపడమా?

ఈ ప్రశ్నకు యెమెన్ రెండుసార్లు జవాబు చెప్పింది. 1962లో ఈజిప్టు సైన్యాన్ని దింపింది, సౌదీ మూటలు పంపింది. 2015లో దిగింది సౌదీ, వెనక నుంచి హౌతీ తిరుగుబాటుదారులకు ఊతమిచ్చింది ఇరాన్. రెండుసార్లూ చేతులు కాల్చుకున్నది దిగినవాడే.

1962 సెప్టెంబరు 26న సైన్యాధికారి అబ్దుల్లా అల్-సల్లాల్ తిరుగుబాటు చేసి రిపబ్లిక్ ప్రకటించాడు. దేశాన్ని ఏలే మతాధిపతి, అంటే ఇమాం, అల్-బద్ర్ గద్దెనెక్కి అప్పటికి వారమే. సల్లాల్‌ను నిలబెట్టడానికి ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ పంపిన దళాలు మూడేళ్లలో 70 వేలకు చేరాయి. చిక్కంతా నేలతోనే. పట్టణాలూ రోడ్లూ ఈజిప్టువి, కొండలు తెగలవి. హుదైదా రేవు నుంచి రాజధాని సనాకు ఎక్కే ఘాట్ రోడ్డులో లారీల వరుసను ఆపడానికి కొండమీద పిడికెడు మంది చాలు. కొత్త శిబిరం వేస్తే దానికి కాపలా, కాపలాకు సరుకులు, ఆ సరుకులకు మళ్లీ కాపలా. 1966కల్లా సనా, తాయిజ్, హుదైదా త్రికోణంలోకి ముడుచుకున్నారు. 1967 జనవరిలో కితాఫ్ అనే ఊరి మీద విషవాయువు బాంబులు వేసినా కొండలు లొంగలేదు. ఈజిప్టు సైనికులు పది వేలకు పైగా చనిపోయారని అంచనా. ఆ జూన్‌లో ఇజ్రాయెల్ దెబ్బ కొట్టేనాటికి ఇంకా వేలాదిమంది అక్కడే ఉన్నారు.

సౌదీ మాత్రం నజ్రాన్ సరిహద్దు నుంచి ఇమాం పక్షానికి బంగారం, తుపాకులు దాటించింది. అయితే డబ్బుతో కొన్న విధేయత పొద్దుగూకితే మారేది. పగలు రిపబ్లిక్, రాత్రి ఇమాం; రెండు చేతులా పుచ్చుకున్న తెగలు తక్కువేం కాదు. ఈజిప్టు వెళ్లిపోయాక కూడా రాజపక్షం సనాను 70 రోజులు ముట్టడించి వెనుదిరిగింది. 1970లో సౌదీయే రిపబ్లిక్‌ను గుర్తించింది. అంటే మూటలు శత్రువును సాగనంపాయి గానీ తన మనిషిని గద్దెమీద కూర్చోబెట్టలేకపోయాయి.

ఈ పాఠం సౌదీకే గుర్తులేకపోవడం వింత. అప్పట్లో తాను పోషించిన జైదీ (షియాల్లో ఒక శాఖ) ఇమాంల నేల నుంచే లేచిన హౌతీలు 2014లో సనా పట్టుకుంటే, 2015 మార్చి 26న బాంబుదాడులు మొదలుపెట్టింది. ఇరాన్ తరహా క్షిపణులు ముక్కలుగా వచ్చి యెమెన్‌లో అతుక్కునేవి. అలాంటిదే 2017 నవంబరులో రియాద్ విమానాశ్రయం దాకా వచ్చింది. చవక డ్రోన్‌ను కూల్చడానికి లక్షల డాలర్ల పేట్రియాట్ క్షిపణి! 2019 సెప్టెంబరులో అబ్‌కైక్ చమురు కేంద్రం మీద దాడితో సౌదీ చమురు ఉత్పత్తి దాదాపు సగం ఆగింది. తామే చేశామని హౌతీలన్నారు, ఇరానే చేసిందని సౌదీ, అమెరికా అన్నాయి. మూటల దారిలో అసలు లాభం ఆ గజిబిజే.

ప్రత్యర్థిని అలసగొట్టడమే పని అయితే మూటలే మేలు. ప్రభుత్వాన్ని నిలబెట్టాలంటే రెండూ నమ్మకమైనవి కావు. బయటపడటంలో మాత్రం తేడా చాలా ఉంది. ఇద్దరూ యెమెన్ నుంచి తప్పుకోవాలన్న 1967 ఖార్తూమ్ ఒప్పందం తర్వాత సౌదీ రాజు ఫైసల్ సాయం ఆపితే సరిపోయింది. నాసర్ సైన్యాన్ని ఓడలెక్కించాల్సి వచ్చింది.