ఎన్టీఆర్ భరోసా పింఛన్: పంపిణీకి నిండు మార్కులు, అర్హత తనిఖీకి సగమే

ఏ ప్రభుత్వం ఎంత పెంచిందన్న వాదనను పక్కన పెట్టి, ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులు, వితంతువులు, దివ్యాంగులు వంటి వారికి నెలనెలా ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛన్‌ను కేవలం ఒక సేవగా చూస్తే, డబ్బు చేర్చే తీరు ఎంత బాగుందో, ఎవరికి ఇవ్వాలో తేల్చే తీరు అంత ఇబ్బందికరంగా ఉంది.

నెల 1వ తేదీ ఉదయమే గ్రామ లేదా వార్డు సచివాలయ ఉద్యోగి ఇంటికి వచ్చి, వేలిముద్ర తీసుకుని నగదును చేతికిస్తారు. 1వ తేదీ సెలవైతే ముందురోజే ఇచ్చేస్తారు. బ్యాంకు మెట్లు ఎక్కలేని వృద్ధులకు ఇంతకు మించిన సౌకర్యం లేదు. 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికే పరిమితమైన వారికి 15,000 రూపాయలు అందుతున్నాయి. పింఛన్‌దారు స్వయంగా ఉండాలన్న నియమం వల్ల, హైదరాబాద్‌లో పిల్లల దగ్గర ఉండే పెద్దలు పింఛన్ కోసం ఊరికి ప్రయాణం కట్టవలసి వస్తుంది. అయితే వరుసగా రెండు నెలలు తీసుకోలేకపోయినవారికి మూడో నెలలో మొత్తం కలిపి ఇచ్చే వెసులుబాటు వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది.

చిక్కంతా దరఖాస్తు దగ్గరే ఉంది. వృద్ధాప్య పింఛన్‌కు 60 ఏళ్లు నిండాలన్నది అందరికీ తెలుసు. వయసు కంటే గట్టిగా అడ్డుపడేది ఆరంచెల తనిఖీ. కుటుంబ ఆదాయం నెలకు గ్రామాల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు దాటకూడదు. భూమి మాగాణి అయితే 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు ఉండాలి. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ మినహా నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వోద్యోగి గాని, ఆదాయపు పన్ను చెల్లించేవారు గాని ఉంటే అనర్హతే, పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు ఉంది. కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్లు మించకూడదు, పట్టణంలో ఇల్లు 1,000 చదరపు అడుగులు మించకూడదు.

ఈ షరతుల్లో ఏ ఒక్కటీ అన్యాయమని అనలేం. కానీ వీటిని కొలిచేది దరఖాస్తుదారుని బట్టి కాదు, రికార్డుల్లో ఆయనతో కలిపి నమోదైన కుటుంబాన్ని బట్టి. కొడుకు వాయిదాల మీద కారు కొంటే, వేరు కాపురం ఉన్నా హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (ఒక కుటుంబంలో ఎవరెవరున్నారో చూపే సచివాలయ రికార్డులో) విడదీయకపోతే, తల్లి పేరు అనర్హుల జాబితాలోకి వెళుతుంది. నాలుగు వాటాలున్న ఇంటికి ఒకే మీటరు ఉంటే, అద్దెకున్నవారి ఏసీ కూడా యజమానురాలి ఖాతాలోనే పడుతుంది. తిరస్కరణకు కారణం కంప్యూటర్‌లో ఒక్క ముక్కలో కనబడుతుంది. అది తప్పని చూపే కాగితాలను విద్యుత్, రవాణా, రెవెన్యూ శాఖల నుంచి తెచ్చుకోవలసిన భారం మాత్రం ఆ వృద్ధురాలిదే. ఆమె గుమ్మంలోకి వచ్చి డబ్బు ఇవ్వగల యంత్రాంగం, అదే గుమ్మంలో నిలబడి మీటరు ఎవరిదో చూసి రాసుకోలేదా?

దరఖాస్తు పెట్టదలచినవారు ముందుగా సచివాలయంలో తమ మ్యాపింగ్‌లో ఎవరెవరి పేర్లున్నాయో, తమ ఆధార్‌కు ఏ మీటర్లు, ఏ భూములు జతయ్యాయో చూపించమని అడగాలి. దివ్యాంగులకు 40 శాతం వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కూడా అవసరం. దాని స్లాట్ దొరకడానికి సమయం పడుతుంది కనుక, ఆ పని మొదట పెట్టుకోవడం మేలు.