సాగర్‌లో సింగిల్ మాల్ట్ పేరుతో పోయిన 1,320 రూపాయలు

నాగార్జునసాగర్‌కు తప్పకుండా వెళ్లండి. కానీ రాత్రి అక్కడ ఖరీదైన మందు చెప్పేటట్టయితే, సీసా కళ్లారా చూడందే గ్లాసులో పోయనియ్యకండి.

బావ, నేను శనివారం సాయంత్రం చేరాం. గది 2,800. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. కింద బార్ మెనూలో ‘సింగిల్ మాల్ట్ స్కాచ్, 60 ఎంఎల్ – 650’ అని చూడగానే బావ ముఖం వెలిగింది. ఆయన రెండేళ్లు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పనిచేసి, విస్కీ కాచే డిస్టిలరీలు తిరిగి చూసినవాడు. బ్రాండ్ ఏదని అడిగితే వెయిటర్ "మంచిదే సార్" అన్నాడు. చెరో రెండు పెగ్గులు చెప్పాం. రెండోది సగంలో ఉండగా బావ లేచి కౌంటర్‌కు పోయి సీసా తిప్పి చూశాడు. లేబుల్ మీద ‘బ్లెండెడ్ స్కాచ్ విస్కీ’. అదే మెనూలో దాని ధర 320.

"రెండూ స్కాచే గద సార్, ఏం ఫరక్ పడ్తది?" అన్నాడు మేనేజర్. డబ్బు కన్నా ఆ మాటకే నాకు ఎక్కువ మండింది.

ఫరక్ ఉంది. సింగిల్ మాల్ట్ అంటే ఒక్క డిస్టిలరీలో, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతోనే, రాగి బట్టీల్లో కాచినది. బ్లెండెడ్‌లో రకరకాల మాల్టులతో పాటు గోధుమ, మక్కల లాంటి గింజల విస్కీ కలుస్తుంది. అందుకే అగ్గువ. రెండూ స్కాట్లాండ్‌లో కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాల్లో ఉండాల్సిందే. బ్లెండెడ్ చెడ్డదేం కాదు, నేను ఇంట్లో తాగేది అదే. కానీ దాని పేరుతో, దాని ధరకే అమ్మాలి.

బిల్లు కొట్టినంక మారదన్నారు. 2,600 కట్టాం. బావ అన్నం ముట్టలేదు. 260 పెట్టి తెప్పించిన చికెన్ ఫ్రై చల్లారిపోయింది. గదిలో అర్ధరాత్రి దాకా చెబుతూనే ఉన్నాడు: సీసా మీద 12 ఏళ్లని ఉంటే అందులో కలిసిన విస్కీల్లో అన్నిటికన్నా చిన్నదాని వయసు అది, అమెరికా విస్కీ బర్బన్‌లో మక్కలు కనీసం 51 శాతం ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పెట్టాలి, మన వైన్స్‌లలో దొరికే చవక విస్కీల్లో చాలావాటికి మూలం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్, యూరప్‌లో దాన్ని విస్కీ పేరుతో అమ్మనివ్వరు, 2004లో మన బెంగళూరు అమృత్ సింగిల్ మాల్ట్ గ్లాస్గోలోనే అమ్మకానికి దిగింది. చివరిది చెప్పేటప్పుడు మాత్రం గొంతులో కోపం లేదు.

ఆదివారం నాగార్జునకొండ లాంచీ, మ్యూజియం హాయిగా గడిచాయి.

తిరుగు దారిలో పెద్దవూర దాటాక తాళ్ల కింద బండి ఆపాం. నడిపేది నేనే కాబట్టి నేను ముట్టలేదు. కల్లు సీసా 40. ఏమన్నా కలిపినవా అని బావ అడిగితే, గౌడన్న నొచ్చుకోకుండా చెయ్యి చాపి "అగో, ఆ గట్టు మీది తాడుది. పొద్దుగాల్నే దించిన. ఎండెక్కితే పులుస్తది, ఇప్పుడే తాగు" అన్నాడు. బావ ఆ చెట్టు వైపు చూసుకుంటూ తాగి, ఇంకో సీసా అడిగాడు.