పొద్దున అంతా టైమ్ వేస్ట్, మధ్యాహ్నం మాత్రం పైసా వసూల్: విశాఖ సిరిపురంలో ఒక రోజు మిలిటరీ ప్లానింగ్ క్లాసు

నేను నేవీ వాణ్ణి కాదు. పోర్టు దగ్గర షిప్పింగ్ ఏజెంట్ ఆఫీసులో ఉద్యోగం, బెర్తులు, కంటైనర్లు, కస్టమ్స్ కాగితాలు, ఇదే నా లోకం. 2024 ఫిబ్రవరిలో మిలాన్‌కి, అంటే మన నేవీ వేరే దేశాల నేవీలతో కలిసి చేసే విన్యాసాలకి, దాదాపు 50 దేశాల వాళ్ళు వచ్చినప్పుడు ఆర్కే బీచ్‌లో జనం మధ్య నిలబడి సిటీ పరేడ్ చూస్తూ, ఇన్ని దేశాల వాళ్ళు సముద్రంలోకి వెళ్ళాక ఎవరి మాట ఎవరు వింటారబ్బా అనుకున్నాను. ఆ డౌటు అలాగే ఉండిపోయింది. అందుకే ఇద్దరు రిటైర్డ్ ఆఫీసర్లు ఆదివారం పూట దీని మీదే క్లాసు చెప్తున్నారని మా బావమరిది మెసేజ్ పంపగానే 1,800 కట్టేశాను. పెట్టినవాళ్ళ పేరు రాయను, ఎందుకంటే కింద కొంచెం తిట్లున్నాయి.

పొద్దున 9 నుంచి 1 దాకా స్లైడ్లే స్లైడ్లు. ప్రొజెక్టర్‌లో ఎరుపు రంగు రాక మ్యాపులో శత్రువూ మిత్రుడూ ఒకేలా కనిపించారు, అడిగితే "ఊహించుకోండి" అన్నారు. నాలుగు గంటల్లో చెప్పింది ఒక్క కాగితం మీద రాసివ్వొచ్చు. నాటో పద్ధతిలో జాయింట్ స్టాఫ్‌ని, అంటే త్రివిధ దళాల ఉమ్మడి హెడ్‌క్వార్టర్స్‌లోని విభాగాల్ని, అంకెలతో పిలుస్తారు: జే1 మనుషుల లెక్క, జే2 నిఘా సమాచారం, జే3 ఇప్పుడు నడుస్తున్న ఆపరేషన్, జే4 సరుకులూ రవాణా, జే5 రాబోయే ప్లాన్లు, జే6 కమ్యూనికేషన్లు, అలా జే9 దాకా, అది పౌర యంత్రాంగంతో మాట్లాడే విభాగం. జే5 వాళ్ళు రాసిన ప్లాన్ ఏ గంటలో జే3 చేతికి మారాలన్న దాని మీద ప్రతి హెడ్‌క్వార్టర్స్‌లోనూ గొడవే అని సార్ మధ్యలో నవ్వుతూ ఒక మాట అన్నారు. పొద్దున మొత్తంలో నేను నోట్స్ రాసుకున్నది ఆ ఒక్కటే.

భోజనం రెండు ముప్పావుకి వచ్చింది. పప్పు చల్లారిపోయింది, నీళ్ళ క్యాన్ ఖాళీ. సైన్యం కడుపు నిండితేనే నడుస్తుందని అప్పుడే స్లైడ్ చూపించినవాళ్ళు ఇలా చెయ్యడం నాకైతే నచ్చలేదు.

అసలు సంగతి భోజనం తర్వాత మొదలైంది. స్లైడ్లు ఆపేసి పెద్దాయన కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నారు. ఏ దేశమూ తన సైన్యం మీద పూర్తి అధికారాన్ని బయటివాడికి ఇవ్వదు, ఇచ్చేది ఫలానా పనికి, ఫలానా రోజుల వరకు వాడుకునే అధికారం, దాన్నే ఓప్‌కాన్ (ఆపరేషనల్ కంట్రోల్) అంటారు, దాని వెనకాల కూడా ప్రతి దేశానికీ కొన్ని షరతులుంటాయి అన్నారు. మన పెళ్ళిళ్ళే గుర్తొచ్చాయి నాకు. అటువైపు వాళ్ళు సాయానికి పదిమందిని పంపిస్తారు, కానీ వడ్డనకి రారు, రాత్రి తొమ్మిది దాటితే ఉండరు, పైగా వాళ్ళ పెదనాన్న చెప్తే తప్ప కదలరు. షరతులు దాటే ఆర్డర్ వస్తే కాదని చెప్పే అధికారం ఉన్న ఆఫీసర్‌ని ప్రతి దేశమూ హెడ్‌క్వార్టర్స్‌లోనే కూర్చోబెడుతుందట, వాళ్ళ భాషలో రెడ్ కార్డ్ ఉన్నవాడు.

1991 గల్ఫ్ యుద్ధంలో ఒకే కమాండర్ కింద అందరూ ఒదగరని తెలిసి, పశ్చిమ దేశాల సైన్యాలకి అమెరికా జనరల్ ష్వార్జ్‌కాఫ్, అరబ్ సైన్యాలకి సౌదీ యువరాజు ఖాలిద్ బిన్ సుల్తాన్, ఇలా రెండు కమాండ్లు పక్కపక్కనే పెట్టి మధ్యలో సమన్వయ కేంద్రం నడిపారు. 2000లో పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో ఐక్యరాజ్యసమితి దళానికి మన మేజర్ జనరల్ విజయ్ జెట్లీ ఫోర్స్ కమాండర్. అక్కడి కైలాహున్ ఊళ్ళో 200 మందికి పైగా మన సైనికులు రెండు నెలలు దాటి తిరుగుబాటుదారుల దిగ్బంధంలో ఉంటే, జూలైలో ఆపరేషన్ ఖుక్రీతో బయటికి తెచ్చారు, అందులో బ్రిటన్ చినూక్ హెలికాప్టర్లు కూడా ఉన్నాయి. ఈ రెండు కథలూ పొద్దునే చెప్పుంటే సగంమంది నిద్రపోయేవాళ్ళు కాదు.

తర్వాత టేబుల్ మీద ఆట. తుఫాను కొట్టిన ఒక ఊహా ద్వీపం, సాయానికి మూడు దేశాలు, మాకు రంగులే పేర్లు: నీలం, పచ్చ, పసుపు. నన్ను జే4లో వేశారు, నాతో ఒక రిటైర్డ్ హెడ్ మాస్టారు, ఒక మెడికల్ స్టూడెంట్ అమ్మాయి. మా పని ఓడలో ఉన్న నీళ్ళ ప్యాకెట్లు, జనరేటర్లు హెలికాప్టర్లో ద్వీపానికి చేర్చడం. పోర్టు వాణ్ణి కదా, ఇది మనకి వెన్నతో పెట్టిన విద్య అనుకుని, "0600కి హెలికాప్టర్ కావాలి" అని చీటీ రాసి పచ్చ దేశం టేబుల్‌కి పంపించాను. ఆటలో గడియారం ఆరు దాటింది, ఏడు దాటింది, హెలికాప్టర్ లేదు. చివరికి పదకొండున్నరకి వచ్చింది. నేను రాసింది మన టైమ్, వాళ్ళు చదివింది జూలు టైమ్, అంటే గ్రీన్విచ్ లెక్క, మనకంటే ఐదున్నర గంటలు వెనక. టైమ్ పక్కన అది ఎవరి టైమో చెప్పే ఒక్క అక్షరం రాయనందుకు ద్వీపంలో జనం మధ్యాహ్నం దాకా నీళ్ళు లేకుండా ఉన్నారు. మాస్టారు నా వైపు చూసిన చూపు, నిజంగా స్కూల్లో కూడా ఎవరూ అలా చూడలేదు.

రెండో ట్రిప్‌కి టైమ్ సరిగ్గానే రాశాను, అయినా రాలేదు. పచ్చ దేశం షరతుల కాగితంలో సూర్యాస్తమయం తర్వాత ఎగరకూడదని ఉందట. ఆ కాగితం పొద్దున్నుంచీ మా టేబుల్ మీదే ఉంది, దాని మీద టీ కప్పు పెట్టుకున్నాం. సార్ వచ్చి కప్పు పక్కకి జరిపి, "బాబూ, హెలికాప్టర్లు ఎన్నున్నాయో లెక్క రాశావు. ఏది ఏ పనికి రాదో రాశావా?" అన్నారు. ఈ ఒక్క ప్రశ్నకే 1,800 ఇచ్చానని అనుకున్నా నాకు బాధ లేదు. మా ఆఫీసులో కూడా క్రేన్లు ఎన్ని అనే అడుగుతాం, ఏ క్రేన్ ఏ షిఫ్టులో ఎత్తదో అడగం.

పెద్ద లోపం ఒకటుంది. జే9కి ఇద్దరినే వేశారు, అందులో ఒకాయన నాలుగింటికి వెళ్ళిపోయాడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు ఇది, కరెంటు లేక, పాల ప్యాకెట్ కోసం క్యూలో నిలబడి, ఎవర్ని అడగాలో తెలియక ఎన్ని రోజులు గడిపామో ఆ హాల్లో ఉన్న ప్రతివాడికీ గుర్తే. 2019లో మొదలైన టైగర్ ట్రయంఫ్, ఇండియా అమెరికా కలిసి విశాఖ, కాకినాడ దగ్గర చేసే ఎక్సర్‌సైజ్, అది విపత్తు సాయం గురించే. అలాంటిది కలెక్టర్ ఆఫీసుతో, ఆసుపత్రులతో మాట్లాడే టేబుల్‌ని ఖాళీగా వదిలేస్తే ఎలా? మా టేబుల్ అమ్మాయి ఇదే అడిగితే వచ్చే బ్యాచ్‌లో చూస్తాం అన్నారు.

ఇంకో చిన్న తిట్టు: సర్టిఫికెట్‌లో మా ఇంటిపేరు తప్పు, మార్చి పంపుతామన్నారు, ఇంకా రాలేదు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. మధ్యాహ్నం సెషన్ ఒక్కటే 1,000కి పెడితే కళ్ళు మూసుకుని వెళ్ళండి. వెళ్తే జే4 అడిగి తీసుకోండి, నీళ్ళ బాటిల్ మీరే తెచ్చుకోండి, టేబుల్ మీద కాగితాలుంటే వాటి మీద టీ కప్పు పెట్టకండి.