క్యాబేజీ పురుగుకి బీటీ పొడా, ఎమామెక్టినా, స్పైనోసాడా?

క్యాబేజీ, కాలీఫ్లవర్ నాట్లు మొదలైతే చాలు, అందరూ అడిగేది ఇదే. ఈ మూడు మందులకీ మూలం బ్యాక్టీరియాయే, పనిచేసే తీరే వేరు. బీటీ అంటే బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా.

నన్నడిగితే ముందు పురుగు వయసు చూడాలి, ధర సంగతి తర్వాత. ఆకు తిరగేసి వేలితో తాకండి. క్యాబేజీ ఆకులు తినే డైమండ్ బ్యాక్ మాత్ అనే రెక్కల పురుగు పిల్ల అయితే గిలగిల కొట్టుకుంటూ సన్నటి దారం పట్టుకుని కిందికి జారుతుంది. అది ఇంకా బియ్యపు గింజంత కూడా లేకపోతే కళ్ళు మూసుకుని బీటీ కొట్టండి. ఆకుతో పాటు కడుపులోకి వెళ్ళిన బీటీ స్ఫటికాలు పురుగు పేగులోని క్షారానికి కరిగి, ఆ పేగుకే చిల్లులు పెడతాయి. అక్షింతల పురుగులు, సాలీళ్ళు, తేనెటీగలు క్షేమం. నేను బీటీ వైపు మొగ్గేది అందుకే.

దీనితో చిక్కల్లా ఓపిక పట్టాల్సి రావడం. పురుగు కొన్ని గంటల్లోనే మేత మానేసినా, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడు పొద్దున "ఇంకా బతికే ఉందే!" అని టెన్షన్ పడి ఇంకో మందు కొట్టేవాళ్ళే ఎక్కువ. ఆకుల మీద కొత్త చిల్లులు, తాజా రెట్టలు లేకపోతే మందు పట్టినట్టే. ఎండకి బీటీ తొందరగా పాడవుతుంది కాబట్టి సాయంత్రం, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. క్యాబేజీ ఆకు మీద నీళ్ళు నిలవవు, జిగురు మందు కలపక తప్పదు.

పురుగు ముదిరిపోతే బీటీతో లాభం లేదు. అప్పుడు ఎమామెక్టిన్ 5 శాతం గుళికలు, లీటరుకు 0.4 గ్రాములు. ఇది ఆకు లోపలికీ ఇంకుతుంది. తేనెటీగలకి మాత్రం ప్రమాదం. కోతకి ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద చూసుకోండి.

స్పైనోసాడ్ తామర పురుగుల మీద కూడా పనిచేస్తుంది కాబట్టి మిర్చి రైతులకి పనికొస్తుంది. ఒక్క క్యాబేజీ కోసమైతే అంత ఖర్చు దండగ. వేపనూనె గుడ్లు పెట్టకుండా కొంత ఆపుతుంది, అంతే.

ఏది ఎంచుకున్నా వరసగా అదే కొట్టకండి. పొలంలో బీటీ పిచికారీని తట్టుకోవడం మొదట నేర్చింది ఈ డైమండ్ బ్యాక్ మాతే. 1990 నాటికే హవాయిలో అది బయటపడింది.

హిందూపురం, మదనపల్లె వైపు పక్కనే మల్బరీ తోట ఉంటే బీటీ జోలికే పోవద్దు, ఆ ఆకు తినే పట్టుపురుగులకీ అది విషమే. 1901లో జపాన్‌లో ఈ బ్యాక్టీరియా మొదట దొరికింది జబ్బుచేసిన పట్టుపురుగుల్లోనే.